థైలకోలియో (మార్సూపియల్ సింహం) వేటను ఎలా చంపేది? పళ్ళతోనా, బొటనవేలి గోరుతోనా?

గీతల_గూడు:
అందరికీ నమస్కారం. పిల్లల పత్రికకి అంతరించిపోయిన జంతువుల బొమ్మలు వేస్తున్నాను. ఈసారి ఆస్ట్రేలియా వంతు. టాస్మేనియా పులి (థైలసీన్) బొమ్మ ఇప్పటికే చాలామంది వేసేశారు. అందుకని దానికంటే చాలా పెద్దది, చాలా ముందే పోయినది అయిన థైలకోలియో కార్నిఫెక్స్‌ని ఎంచుకున్నాను. నెట్‌లో చూస్తే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ పొంతన లేదు. ఒకచోట అచ్చం చిరుతలా ఉంది, ఒకచోట ఎలుగుబంటిలా ఉంది. తోక కూడా ఒకరు పొడుగ్గా వేశారు, ఇంకొకరు మొండిగా వదిలేశారు. వేటని పట్టుకున్న క్షణం వేయాలని నా కోరిక. ఎముకలు ఏం చెబుతున్నాయో తెలిసినవాళ్ళు చెబితే దాని ప్రకారమే గీస్తాను.

బయాలజీ_మాస్టారు:
మంచి జంతువుని పట్టుకున్నారమ్మా. ముందు ఒక్క మాట, దీన్ని పిల్లి జాతి అనుకుని మొదలుపెట్టకండి. సింహానికీ దీనికీ చుట్టరికం ఎంత దూరమంటే, మనకి సింహమే దీనికంటే దగ్గర. ఇది సంచి జంతువు, అందులోనూ డైప్రోటోడోంట్ వర్గం. కంగారూలు, పోసమ్‌లు, కోలా, వాంబాట్ అన్నీ ఆ వర్గంలోవే. దీనికి బతికున్న దగ్గరి చుట్టాలు కోలా, వాంబాట్. అంటే ఆకూ గడ్డీ తినే కుటుంబంలో పుట్టిన మాంసాహారి అన్నమాట. థైలసీన్, టాస్మేనియన్ డెవిల్ అలా కాదు, వాటిది మొదట్నుంచీ మాంసం తినే కొమ్మ.

ఈ సంగతి మీ బొమ్మకి ఎందుకు ముఖ్యమంటే, దీని ఒంట్లో ఉన్న ప్రతి ఆయుధం ఆకులు తినేవాళ్ళ సామాన్లోంచి తయారైనదే. పిల్లికి ఉన్న సరంజామా దీనికి దక్కలేదు. ఉన్నదాన్నే మార్చుకుంది.

1859లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దీనికి పేరు పెట్టాడు. భయంకరమైన వేట జంతువని అప్పుడే గట్టిగా చెప్పాడు. కానీ 1860లలోనే జెరార్డ్ క్రెఫ్ట్, విలియం ఫ్లవర్ లాంటివాళ్ళు ఒప్పుకోలేదు. ముందుపళ్ళు చూస్తే పోసమ్‌లాగో కంగారూలాగో ఉన్నాయి, ఇది మాంసం ఎలా తింటుంది అన్నారు. ఆ గొడవ వందేళ్ళకి పైగా నడిచింది. 1982లో రాడ్ వెల్స్ బృందం దీని పళ్ళ మీద అరుగుదల గీతల్ని సూక్ష్మదర్శినిలో చూశాక మాంసం కోసిన పళ్ళేనని నిలబడింది.

బరువు సంగతి: స్టీఫెన్ రో బృందం 1999లో వేసిన లెక్క ప్రకారం సగటున 101 నుంచి 130 కిలోలు. మన చిరుతల్లో పెద్ద మగది కూడా దీని ముందు తేలిపోతుంది.

పంటి_డాక్టర్:
పళ్ళ గురించి నన్ను రాయనివ్వండి, నా వృత్తి అదే కాబట్టి. అడిలైడ్‌లో చదివేటప్పుడు దీని పుర్రె నమూనా చేతిలో పట్టుకుని చూశాను. తిప్పి చూడగానే మొదట కంటపడేది మూడో ప్రీమోలార్. పైన ఒకటి, కింద ఒకటి, రెండు వైపులా. మామూలుగా ప్రీమోలార్ అంటే చిన్న దవడపన్ను. ఇక్కడ అది ముందు నుంచి వెనక్కి సాగిపోయి పొడవాటి కత్తి అంచులా ఉంటుంది. నోరు మూసినప్పుడు పై అంచు కింది అంచుకి బయటివైపు నుంచి రాసుకుంటూ దిగుతుంది, అచ్చం అడకత్తెరలాగా. రాసుకున్న ప్రతిసారీ అంచు పదునెక్కుతుంది.

దాని వెనకాల నమిలే పళ్ళు చిన్నగా, పేరుకి ఉన్నాయంతే. కాబట్టి ఇది నమలలేదు. కోసుకుని ముక్కలుగా మింగాల్సిందే. పిల్లుల్లో, కుక్కల్లో మాంసం కోసే పని పైన ప్రీమోలార్, కింద మోలార్ (దాని వెనకుండే నమిలే పన్ను) కలిసి చేస్తాయి. ఇక్కడ పైనా కిందా రెండూ ప్రీమోలార్లే. పని ఒకటే, పని చేసే పళ్ళు వేరు.

ముందువైపు చూస్తే పైన పెద్ద ముందుపళ్ళ జత, కింద ముందుకి పొడుచుకొచ్చిన ఒక జత. కింది దవడకి అసలు కోరపల్లే లేదు. పైన ఉన్నవి చిన్న మొలకలు. దయచేసి కోరలు మాత్రం గీయకండి! నెట్‌లో సగం బొమ్మల్లో ఉన్న తప్పు ఇదే.

గీతల_గూడు:
డాక్టర్ గారూ, మరి కోరలు లేకుండా గొంతు ఎలా పట్టుకుంటుంది? సింహం వేట ఫొటోల్లో కోరలు మెడలో దిగి ఉంటాయి కదా.

పంటి_డాక్టర్:
కోరలు చేయాల్సిన పని ముందుపళ్ళు చేశాయండి. కింది జత ముందుకి వాలి, చివర కోసుగా ఉంటుంది. పై జత కిందికి దిగి దానికి ఎదురు వస్తుంది. నోరు మూస్తే నాలుగూ ఒకే చోటికి చేరతాయి. చర్మంలోకి దింపి పట్టు బిగించడానికి అది చాలు. బొమ్మలో నోరు తెరిచి చూపిస్తే ముందు ఈ నాలుగు పళ్ళు, ఆ తర్వాత కాస్త ఖాళీ, లోపల ఆ కత్తి పళ్ళు. ఈ మూడూ కనబడితే జంతువు ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

పులివెందుల_చిన్నోడు:
అన్నా, దీని కాటు అన్ని జంతువుల కంటే బలమని ఒక వీడియోలో చెప్పినారు. నిజమేనా? సింహం కంటే కూడానా?

బయాలజీ_మాస్టారు:
తమ్ముడూ, ఆ మాట 2005లో రో, మెక్‌హెన్రీ, థామసన్ చేసిన లెక్కలోంచి వచ్చింది. వాళ్ళు పుర్రె కొలతల నుంచి కండరాల బలం కట్టి, దాన్ని ఒంటి బరువుతో పోల్చారు. ఒంటి బరువుకి తగ్గట్టు చూస్తే, వాళ్ళు చూసిన పాలిచ్చే వేట జంతువుల్లో అతి పెద్ద కాట్లలో థైలకోలియోది ఒకటి. వంద కిలోల థైలకోలియో కాటు, దానికి రెండున్నర రెట్లు బరువున్న ఆఫ్రికా సింహం కాటుతో సమానంగా వచ్చింది. కాబట్టి "అన్నిటికంటే బలం" అని ఊరికే అనకుండా "సైజుకి తగ్గట్టు చూస్తే" అని కలుపుకోవాలి.

కారణం పుర్రెలోనే ఉంది. సంచి జంతువులకి మెదడు చిన్నది. మెదడు పెట్టె చిన్నదైతే దాని పక్కన దవడ కండరానికి చోటు ఎక్కువ. దీని చెంప ఎముకల వంపులు బయటికి బాగా ఉబికి ఉంటాయి, ఆ సందులోంచే కండరం దిగుతుంది. పైనుంచి చూస్తే పుర్రె వెడల్పుగా, ముట్టె పొట్టిగా. గీతల_గూడు గారూ, తల పిల్లి తలకంటే వెడల్పుగా వేయండి.

పశువుల_డాక్టరమ్మ:
ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం, ఎలా చంపేది. నేను నల్లమల పక్కన పనిచేస్తాను. దూడ చచ్చిపోతే పరిహారం కోసం చిరుత చంపిందా, జబ్బుతో పోయిందా అని మేం తేల్చాలి. మెడ దగ్గర చర్మం ఒలిచి చూస్తాం. బయట చిన్న రంధ్రాలే కనిపిస్తాయి, లోపల మాత్రం గొంతు చుట్టూ రక్తం గడ్డకట్టి నల్లగా ఉంటుంది. బతికుండగా పట్టిందనడానికి అదే గుర్తు. పెద్ద పిల్లులు గొంతు పట్టుకుని ఊపిరి ఆడకుండా చేసి చంపుతాయి. పెద్ద జంతువైతే చాలా నిమిషాలు పడుతుంది. అంతసేపు కోరలు జారకూడదు, మెడ అలసిపోకూడదు.

రో బృందం 2008లో సింహం పుర్రెనీ థైలకోలియో పుర్రెనీ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి ఒత్తిడి పరీక్ష చేసింది. వాళ్ళ వాదన ఏమిటంటే, థైలకోలియో గొంతు పట్టుకుని కూర్చునే రకం కాదు. ఆ కత్తి పళ్ళతో మెడని కోసేసి, గాలిగొట్టం, రక్తనాళాలు తెంపేసి చాలా త్వరగా పని ముగించేది. నాకు ఇది సబబుగానే అనిపిస్తుంది. గొంతు దగ్గర ఉండే పెద్ద నాళాలు తెగితే ఏ పశువైనా క్షణాల్లో కూలిపోతుంది.

నల్లమల_నీడ:
డాక్టరమ్మ గారితో గౌరవంగా విభేదిస్తున్నాను. 2016లో ఫిగిరిడో, మార్టిన్-సెర్రా, జానిస్ మోచేయి కీలు చూసి రాసిన పేపర్ చదవండి. థైలకోలియో మోచేయి బతికున్న ఏ వేట జంతువుతోనూ కలవలేదు. ముంజేయి బాగా తిరుగుతుంది, కదలికలో స్వేచ్ఛ చాలా ఎక్కువ. అంత తిరిగే చేతి చివర ఏముంది? మిగతా వేళ్ళకి ఎదురొచ్చే బొటనవేలు, దాని మీద మిగతా గోళ్ళన్నిటికంటే పెద్ద గోరు. అది లోపలికి ముడుచుకుంటుంది కూడా, అంటే నడిచేటప్పుడు నేలకి తగిలి మొద్దుబారదు. వాళ్ళు చెప్పేది ఏమిటంటే, ముందుపళ్ళతో వేటని గట్టిగా పట్టి ఉంచి, బొటనవేలి గోరుతో చీల్చి చంపేది. కత్తి పళ్ళు తినేటప్పటి పని.

వేటలో వాడకపోతే ఒకే ఒక్క గోరు ఇంత పెద్దదవడానికి కారణం ఉండదు.

పశువుల_డాక్టరమ్మ:
గోరు పెద్దదని ఒప్పుకుంటాను నీడ గారూ. కానీ పెద్ద గోరు పట్టుకోవడానికి కూడా కావాలి కదా. వందల కిలోల జంతువు గింజుకుంటుంటే దాని భుజం మీద పట్టు దొరకాలంటే కొక్కెంలాంటి గోరు ఒకటి లోతుగా దిగాలి. చిరుత కూడా ముందు పంజాతోనే పట్టు దొరికించుకుంటుంది, చంపేది నోటితో. పెద్ద వేటని గోళ్ళతో చీల్చి చంపడం క్షీరదాల్లో నేను ఎక్కడా చూడలేదు. ఇంకో సంగతి, గోరుతో కడుపు చీలిస్తే జంతువు వెంటనే చావదు, తంతుంది. కంగారూ తన్ను మామూలుది కాదు. నోటితో మెడ తెంపడమే దానికి క్షేమం.

నల్లమల_నీడ:
"ఎక్కడా చూడలేదు" అన్న మాటే నా వాదనకి బలం మేడమ్. ఈ జంతువుకి ఇప్పుడు పోలిక లేదు, ఆ పేపర్ మొత్తం ఆ విషయం మీదే. బతికున్నవాటిలో లేదు కాబట్టి అప్పుడూ లేదనలేం. అయినా మెడ పక్కన గోరు దించి లాగితే తెగేదీ అదే నాళం కదా. కడుపే చీల్చాలని ఎవరన్నారు?

దక్షిణ_తీరం:
అడిలైడ్ నుంచి. ఇద్దరి వాదనకీ పనికొచ్చేది ఒకటి ఉంది. 2018లో రాడ్ వెల్స్, ఆరన్ కామెన్స్ మొట్టమొదటిసారి మొత్తం అస్థిపంజరం వర్ణించారు. అప్పటిదాకా దొరకని రెండు భాగాలు, మెడ కింది జత్రుక ఎముకలు, పూర్తి తోక, అందులో ఉన్నాయి. కొన్ని ఎముకలు నరకూర్ట్ దగ్గర కొమాట్సు గుహలోవి, కొన్ని నల్లర్‌బార్‌లో ఫ్లైట్ స్టార్ గుహలోవి.

పరుగెత్తే వేట జంతువుల్లో జత్రుకలు చిన్నబోతాయి. దీనికి గట్టిగా ఉన్నాయి. భుజాలు బిగువుగా నిలబడి ముందుకాళ్ళతో లాగడానికీ ఎక్కడానికీ అది కావాలి. తోక చాలామంది ఊహించినట్టు మొండి కాదు. కోలా, వాంబాట్‌లకి తోక లేదు కాబట్టి దీనికీ ఉండదని చాలా బొమ్మల్లో పొట్టిగా వేశారు. నిజానికి ఇది పొడవుగా, బిరుసుగా, కండపట్టి ఉంది. తోక ఎముకల అడుగున నాళాల్ని కాపాడే చిన్న ఎముకలు ఉన్నాయి. తోకని నేలకి ఆనించి దాని మీద బరువు వేసే జంతువుకి అవి కావాలి. వెనక్కాళ్ళూ తోకా కలిపి మూడు కాళ్ళ పీటలా నిలబడి, రెండు చేతులూ వేట మీదో చెట్టు మీదో వేయగలిగేదని వాళ్ళ మాట. నడుము మాత్రం బిరుసు. చిరుతలా వెన్ను వంచి సాచి పరుగెత్తలేదు. వాళ్ళకి బాగా దగ్గర పోలిక కనిపించింది టాస్మేనియన్ డెవిల్‌లో. దాని ప్రకారం ఇది పొంచి ఉండి పట్టే జంతువు, చచ్చినదాన్ని కూడా వదలదు.

గీతల_గూడు గారూ, వేట వెంట పరుగెడుతున్నట్టు మాత్రం వద్దు.

గీతల_గూడు:
చాలా చాలా థాంక్స్ అండీ! తోక మీద బరువు వేసి నిలబడ్డ భంగిమ ఇప్పుడే పెన్సిల్‌తో వేసి చూశాను, పిల్లి పోలిక పూర్తిగా పోయింది. ఇంకో సందేహం. నల్లర్‌బార్ అంటే చెట్టే లేని మైదానం కదా. అక్కడ ఎక్కడ పొంచి ఉంటుంది? నేపథ్యం ఏం వేయాలి?

దక్షిణ_తీరం:
ఇప్పుడు చెట్లు లేవు, అప్పుడు ఉన్నాయి. 2002లో గుహాన్వేషకులు అక్కడ కొన్ని గుహలు కనిపెట్టారు. పైన మనిషి కష్టంగా దూరే గొట్టంలాంటి కంత, లోపల దాదాపు ఇరవై మీటర్ల లోతు. జంతువులు అందులో పడి మళ్ళీ పైకి రాలేక చచ్చిపోయాయి. మీద మట్టి కూడా పడకుండా ఎముకలు గుహ నేల మీదే పడుకున్నట్టు ఉన్నాయి, వాటిలో పూర్తి థైలకోలియో అస్థిపంజరం ఉంది. 2007లో గావిన్ ప్రిడో బృందం రాసినదాని ప్రకారం ఆ గుహల్లో కంగారూల్లోనే ఎన్నో జాతులు, చెట్లెక్కే కంగారూలు కూడా. చెట్లెక్కే కంగారూ ఉందంటే చెట్టు ఉన్నట్టే. వాన ఇప్పటిలాగే తక్కువ, కానీ అక్కడక్కడా చెట్లూ పొదలూ ఉన్న నేల. పొదచాటు వేసేయండి, తప్పులేదు.

బేతంచెర్ల_బాబు:
మా బిల్లసర్గం గుహల్లో కూడా 1884, 1885 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాళ్ళు తవ్వి ఖడ్గమృగం ఎముకలు తీశారు, ఇప్పుడు మా ఊళ్ళో ఆ జంతువే లేదు. గుహలో పడి చచ్చినవి, లోపలే కాపురమున్నవి, వేరే జంతువు ఎత్తుకొచ్చి పడేసినవి, ఇవన్నీ విడదీయడమే కష్టమని అక్కడికి వచ్చిన పరిశోధకులు చెప్పేవారు. థైలకోలియో గుహలో ఉండేదా, లేక పడిందే తప్ప ఉండేది కాదా?

నల్లమల_నీడ:
ఉండేది బాబూ, దానికి చక్కని ఆధారం ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మార్గరెట్ రివర్ దగ్గర టైట్ ఎంట్రన్స్ అనే గుహ. లోపలి రాతి గోడ మీద వేలకొద్దీ గోళ్ళ గీతలు. 2016లో శామ్యూల్ ఆర్మన్, ప్రిడో వాటి మీద పనిచేశారు. వాంబాట్, కోలా, డెవిల్, పోసమ్ లాంటివాటి గీతలతో పోల్చి చూసి, ఇవి థైలకోలియోవేనని తేల్చారు.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, బయటికి రావడానికి వాలుగా, తేలిగ్గా ఎక్కే దారి ఉన్నా, గీతలు నిటారుగా ఉన్న రాయి మీదే ఉన్నాయి. అంటే దానికి నిటారు గోడ ఒక లెక్క కాదు. పెద్ద గీతల పక్కన చిన్న గీతలు బోలెడు. పిల్లల గోళ్ళవి. గుహలోనే పిల్లల్ని పెంచేదన్నమాట.

పులివెందుల_చిన్నోడు:
నిటారు గోడే ఎక్కితే చెట్టెక్కడం ఎంత పని! చెట్టు మీంచి దూకి పట్టేదేమో అన్నా?

నల్లమల_నీడ:
ఎక్కగలదు తమ్ముడూ, వెనక్కాలి బొటనవేలు కూడా పోసమ్‌ది లాగా విడిగా ఉండి కొమ్మని పట్టుకుంటుంది. కానీ వంద కిలోల పైన ఉన్నది కొమ్మ మీంచి రోజూ దూకితే కీళ్ళ మీద ఆ దెబ్బల గుర్తులు కనబడాలి. చెట్టు ఎక్కడమూ, చెట్టు మీంచి దూకి వేటాడటమూ రెండు వేరు సంగతులు. ఎండనుంచి తప్పుకోవడానికో, వేటని పైకి లాక్కెళ్ళడానికో ఎక్కి ఉండొచ్చు. నేనైతే నేల మీద పొంచి ఉండి పట్టేదనే అంటాను.

గీతల_గూడు:
రంగు సంగతి? చారలా, మచ్చలా? సంచి ఎటువైపు తెరుచుకుంటుంది? పిల్లని సంచిలో చూపిస్తే పిల్లలకి నచ్చుతుందని.

బయాలజీ_మాస్టారు:
చర్మం ఎక్కడా మిగల్లేదమ్మా. పశ్చిమ ఆస్ట్రేలియాలో కింబర్లీ ప్రాంతంలో ఒక రాతి బొమ్మ ఉంది. దాన్ని 2009లో అకర్మన్, విల్లింగ్ థైలకోలియో బొమ్మేనని రాశారు, దాని ఒంటి మీద చారలున్నాయి. అది చారల థైలసీనేనని అనేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి వెన్ను మీద మసక చారలు వేసుకోవచ్చు, లేదా ఒకే మట్టిరంగు వేసుకోవచ్చు. చిరుత మచ్చలు మాత్రం వద్దు, పిల్లలు మళ్ళీ పిల్లి అనుకుంటారు.

సంచికి చుట్టాలే దిక్కు. వాంబాట్ సంచి వెనక్కి తెరుచుకుంటుంది, కోలాది కూడా కంగారూది లాగా పైకి కాదు. కాబట్టి కంగారూలా ముందు నుంచి పిల్ల తల బయటికి పెట్టినట్టు వేయకండి. వేట పట్టుకున్న బొమ్మలో కడుపు ఎలాగూ కనబడదు. గుహ ముందు పిల్ల తల్లి వెనకాల నిలబడినట్టు ఇంకో చిన్న బొమ్మ వేయండి. నీడ గారు చెప్పిన గోళ్ళ గీతల ఆధారం ఉంది కాబట్టి దానికి బలం ఎక్కువ.

పంటి_డాక్టర్:
ఇంకో ఆధారం వదిలేశాం. విక్టోరియాలో లాన్స్‌ఫీల్డ్ అనే చిత్తడి నేలలో పెద్ద కంగారూల ఎముకల మీద కోసిన గాట్లు దొరికాయి. మొదట మనుషులు రాతి పనిముట్లతో కోసినవేమో అనుకున్నారు. 1981లో హార్టన్, రైట్ ఆ గాట్లని థైలకోలియో ప్రీమోలార్‌తో పోల్చి, ఇవి పళ్ళ గాట్లేనని రాశారు. గాటు నిటారుగా, శుభ్రంగా ఉంటుంది. ఎముక పగలగొట్టి గుజ్జు తినే డెవిల్ ఎముకని నలిపేస్తుంది, దానికీ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది. బొమ్మ కింద అలాంటి ఎముక ఒకటి గీస్తే, అది ఏం తిన్నదో మాట అవసరం లేకుండానే చెప్పినట్టవుతుంది.

బేతంచెర్ల_బాబు:
మాస్టారూ, ఒకటి అడుగుతాను. ఇది పోవడానికి మనుషులే కారణమా? ఇంత బలమైనది కదా, దీనికి ఎదురెవరు?

బయాలజీ_మాస్టారు:
మనుషులు ఆస్ట్రేలియా చేరింది కనీసం యాభై వేల ఏళ్ళ కిందట. థైలకోలియో దాదాపు నలభై వేల ఏళ్ళ కిందట కనుమరుగైంది. వేటా, తగలబెట్టిన అడవులా, మారిన వాతావరణమా అన్న దాని మీద ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు, నేను అందులో తీర్పు ఇవ్వను. కానీ దాని శరీరం చూస్తే ఒక్క సంగతి స్పష్టం. డైప్రోటోడాన్, పెద్ద పొట్టి మొహం కంగారూలు, ఇలా ఆ కాలపు పెద్ద మేత జంతువులు పోయాయి. వాటిని పట్టడానికి తయారైన పళ్ళూ, చేతులూ, తోకా ఉన్న జంతువు పరుగెత్తి చిన్నవాటిని పట్టుకోలేదు.

ఈ కుటుంబం చాలా పెద్దది. క్వీన్స్‌లాండ్‌లో రివర్స్‌లేలో దొరికిన మైక్రోలియో బరువు 600 గ్రాములు, దాదాపు పంతొమ్మిది మిలియన్ ఏళ్ళ కిందటిది. అందులోనూ ఆ ప్రీమోలార్ కత్తి మొదలైపోయి ఉంది. తర్వాత వచ్చిన వాకలియోలు మధ్యస్థం. చివరికి మిగిలినది అన్నిటికంటే పెద్దదైన కార్నిఫెక్స్ ఒక్కటే. చిన్న వేటతో సరిపెట్టుకోగల థైలసీన్ మాత్రం ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం మీద సుమారు 3,200 ఏళ్ళ కిందటి దాకా, టాస్మేనియాలో 1936 దాకా ఉంది.